సిగరెట్ మానిన ఏడాదిన్నర: నా పక్కన నిలబడ్డవాళ్ళ గురించి

నేను సిగరెట్ మానేసి మొన్న ఆదివారానికి ఏడాదిన్నర అయింది. 19 ఏళ్ళప్పుడు పాలిటెక్నిక్ చదువుతుండగా మొదలెట్టాను, 22 ఏళ్ళు తాగాను. రోజుకి 10, 12, పని ఎక్కువున్న రోజుల్లో పెట్టె దాటిపోయేది. మధ్యలో ఎన్నిసార్లు మానానో నాకే లెక్క లేదు, ప్రతి జనవరి ఒకటికీ మానడం, భోగి మంటలు వేసేలోపు మళ్ళీ ముట్టించడం. ఈసారి మాత్రం ఎందుకు నిలబడిందో చాలా రోజులుగా రాద్దామనుకుంటున్నా, ఎందుకంటే ఆ క్రెడిట్ నా ఒక్కడిది కాదు.

ముందు ఒక సంగతి చెప్పాలి, ఇది ఇంతవరకు మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది కదా, వైజాగ్‌లో ఉన్నవాళ్ళెవరికీ ఆ రోజు గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. మేం గోపాలపట్నంలో అద్దెకుంటున్నాం, మా పాపకి అప్పటికి ఎనిమిది నెలలు. మర్నాడు పొద్దున్న కరెంటు లేదు, ఫోన్లు లేవు, వీధికి అడ్డంగా చెట్లు, వంగిపోయిన స్తంభాలు, పాల ప్యాకెట్ కోసం జనం గంటలు గంటలు లైన్లో నిలబడ్డారు. నేను పాలు తెస్తానని చెప్పి బయల్దేరాను. పాల లైన్ చూశాను, పొడుగ్గా ఉంది, దాన్ని దాటుకుని తెరిచున్న పాన్ షాపు కోసం ఎన్ఏడీ జంక్షన్ దాకా నడిచాను. దొరికింది, రేటు పెంచి అమ్ముతున్నాడు, రెండు పెట్టెలు కొన్నాను. తిరిగొచ్చేసరికి పాలు అయిపోయాయి. పక్కింటి ఆంటీ పాలపొడి ఇచ్చారు కాబట్టి ఆ పూట గడిచింది. "దొరకలేదా పాపం, ఎంత దూరం తిరిగారో" అని మా ఆవిడ నీళ్ళు తెచ్చిచ్చింది. ఆ గ్లాసు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంటుంది. అయినా మానలేదు, ఇంకో తొమ్మిదేళ్ళు తాగాను, అదీ దీని పట్టు.

మా అమ్మ భయం వేరే. మా అమ్మమ్మది భీమిలి దగ్గర పల్లె, అడ్డచుట్ట తాగేది. తెలియనివాళ్ళకి చెప్తున్నా, మా ఉత్తరాంధ్రలో ఆ తరం ఆడవాళ్ళు చాలామంది చుట్ట వెలిగించి నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని తాగేవాళ్ళు, అడ్డపొగ అంటాం. చిన్నప్పుడు నేను ఆవిడ పక్కన కూర్చుని నోరు కాలదా అని అడిగేవాణ్ణి, నవ్వేది. తర్వాత అంగుడంతా తెల్లబడి గరుకెక్కి మచ్చలొచ్చాయి, ఆఖర్లో పులుసన్నం కూడా మింగలేక ఏడ్చేది. అడ్డపొగ వల్ల అంగుట్లో క్యాన్సర్ వస్తుందని డాక్టర్లు ఎప్పట్నుంచో చెప్తున్నదే. మా అమ్మ అదంతా దగ్గరుండి చూసింది కాబట్టి నా దగ్గర పొగ వాసన వస్తే చాలు, లోపలికెళ్ళి పడుకునేది. ఒక్క మాట అనేది కాదు.

నిజానికి ఇన్నేళ్ళూ ఇంట్లో జరిగిందేంటంటే పోలీసింగ్. చొక్కా వాసన చూడటం, బండి డిక్కీ వెతకడం, "ఒట్టేసి చెప్పు" అనడం. వాళ్ళ ప్రేమ కొద్దీ చేశారు, నేను తప్పు పట్టను. కానీ దానివల్ల నేను నేర్చుకున్నది మానడం కాదు, దాచడం. జామాకు నమిలేవాణ్ణి, బండిలో ఇంకో చొక్కా పెట్టుకునేవాణ్ణి, సబ్బుతో వేళ్ళు తోముకునేవాణ్ణి. ఇంట్లో ఎవరైనా తాగుతుంటే దయచేసి ఈ పని మాత్రం చెయ్యకండి. వాడు మీకు అబద్ధం చెప్పడం మొదలెట్టాక ఇంక మీ సాయం ఎలా అడుగుతాడు?

ఈసారి వేరేగా మొదలైంది. దగ్గు తగ్గట్లేదని డాక్టర్ గారి దగ్గరకెళ్తే ఆయన క్లాసు పీకలేదు, ఒకటే అడిగారు, "పొద్దున్న లేచాక ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తారు?" అని. పావుగంటలోపే అన్నాను. అలా అయితే ఒంటికి బాగా అలవాటు పడిపోయింది, పట్టుదల ఒక్కటే సరిపోదు అని 4 ఎంజీ నికోటిన్ గమ్ రాసిచ్చారు, ఒక తారీకు పెట్టుకోమన్నారు, ఆ తారీకు కనీసం నలుగురికి చెప్పమన్నారు. పెట్టె మీద బొమ్మ కింద ఉండే నంబర్, 1800-11-2356, దానికీ చేశాను, ఫ్రీయే. తెలుగులోనే మాట్లాడారు, తారీకు రాసుకున్నారు, తర్వాత వాళ్ళే మళ్ళీ ఫోన్ చేసి ఎలా ఉందని అడిగారు. అన్నేళ్ళు ఆ పెట్టెలు కొన్నాను, ఆ నంబర్ ఒక్కసారి కూడా చదవలేదు.

గమ్ గురించి ఒక మాట, చాలామంది మామూలు చూయింగ్ గమ్ లాగా గబగబా నమిలేసి ఎక్కిళ్ళొచ్చాయని పారేస్తారు. అలా కాదు, నెమ్మదిగా నమలాలి, నాలిక మీద మిరియం ఘాటులా తగలగానే ఆపి బుగ్గకీ చిగురుకీ మధ్యన పెట్టుకోవాలి, ఘాటు తగ్గాక మళ్ళీ నమలాలి. దానికి ముందు ఓ పావుగంట టీ, కాఫీ, కూల్ డ్రింక్ ఏదీ తాగకూడదు, తాగితే మందు నోట్లోంచి ఒంటికి సరిగ్గా పట్టదు. నాకు మొదటి వారం ఇది తెలియక టీతో పాటే నమిలాను.

మొదటి మూడు రోజులూ నరకం, అది చెప్పి తీరాలి. తలనొప్పి, నిద్ర లేదు, మోషన్ సరిగ్గా అయ్యేది కాదు, పాప పెన్సిల్ కింద పడేస్తే అరిచాను. డాక్టర్ గారు ముందే చెప్పారు రెండు మూడు రోజులు బాగా ఎక్కువగా ఉంటుంది, మూడు నాలుగు వారాలకి సర్దుకుంటుంది, ఇంటివాళ్ళకి కూడా చెప్పి ఉంచండి అని. చెప్పి ఉంచాను కాబట్టే మా ఆవిడ ఆ అరుపులు మనసులో పెట్టుకోలేదు. తాగావా అని అడగడం పూర్తిగా మానేసింది. దాని బదులు సాయంత్రం నేను రాగానే "ఇవాళ ఏ టైమ్‌కి కష్టమయింది?" అని అడిగేది. ఆ ప్రశ్నకి అబద్ధం చెప్పాల్సిన పని లేదు కదా. పదకొండింటికి, మళ్ళీ భోజనం అయ్యాక అని చెప్పేవాణ్ణి, ఆవిడ రోజూ భోజనం అయ్యాక టైమ్‌కి ఫోన్ చేసి ఏదో ఒకటి మాట్లాడేది, రైతు బజార్లో వంకాయ రేటో, పాప స్కూలు సంగతో. ఆ గుంజుడు ఎంతసేపో ఉండదండి, నాలుగైదు నిమిషాలు, ఎవరైనా ఆ కాసేపు మాట్లాడితే దాటిపోతుంది.

నేను పని చేసేది గాజువాక ఆటోనగర్లో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో. అక్కడ పదకొండింటికి టీ అంటే సిగరెట్టే. మా బావ కూడా అక్కడే వెల్డర్, పదిహేనేళ్ళుగా ఇద్దరం ఒకే అగ్గిపుల్లతో ముట్టించుకునేవాళ్ళం. వాడు మానలేదు, ఇప్పటికీ తాగుతాడు, కానీ నా తారీకు నుంచి నా ముందు ఒక్కటి కూడా వెలిగించలేదు. టీ గ్లాసు పట్టుకుని "పద బావా" అని రోడ్డు చివరి లారీల దాకా నాతో నడిచొచ్చి, నన్ను షెడ్డులో దింపి, అప్పుడెళ్ళి తాగొచ్చేవాడు. అంత ఎండలో, వాడికీ నాలిక పీకుతుండగా. మానేసినవాడు ధైర్యం చెప్పడం ఒకెత్తు, తాగుతున్నవాడు మనకోసం ఆగడం ఇంకోఎత్తు.

47వ రోజు తప్పాను. మా పెదనాన్న పోయారు, శ్మశానం బయట అందరూ తాగుతున్నారు, ఎవరో ఇచ్చారు, తీసుకున్నాను, ఆ తర్వాత ఇంకోటి. రాత్రి ఇంటికొచ్చి స్నానం చేసి మా ఆవిడకి చెప్పేశాను. 22 ఏళ్ళలో నా అంతట నేను చెప్పడం అదే మొదలు. పాప క్యాలెండర్ మీద రోజులు నంబర్లేస్తోంది, రేపట్నుంచి మళ్ళీ ఒకటి అని వెయ్యమంటాను అన్నాను. మా ఆవిడ కాసేపు ఊరుకుని "46 రోజులు తాగలేదు కదండీ, అవెక్కడికి పోతాయి? రేపు 48 అనే వెయ్యమనండి" అంది. 48 అనే వేసింది. గతంలో నేను తప్పిన ప్రతిసారీ ఒకటి తాగాను కదా, ఇంకెందుకులే అని పెట్టె కొనేసేవాణ్ణి. ఈసారి కొనలేదు, ఆ మాట వల్లే కొనలేదు.

పోయిన ఏడాది ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేశాను, 32 కిలోమీటర్లు. అంతకుముందు ఒకసారి హనుమంతవాక వచ్చేసరికే ఆయాసంతో కూర్చుండిపోయి ఆటో ఎక్కాను. ఈసారి తెల్లారుజామున, ప్రదక్షిణ ముగిసే తొలిపావంచా దగ్గరకి చేరేసరికి కాళ్ళు బొబ్బలెక్కాయి గానీ ఊపిరి మాత్రం నా దగ్గరే ఉంది. మా అమ్మకి ఫోన్ చేశాను. ఏం మాట్లాడలేదు, ఏడ్చింది.

ఇంకొకాయన గురించి చెప్పకపోతే తప్పు. మా షెడ్డు ఎదురుగా టీ కొట్టు బాబాయ్. నా ఖాతా పుస్తకంలో నెలకి ఎంత రాసేవాడో మీరు ఊహించుకోండి, నా మీద ఆయనకి ఆదాయం. తారీకు ముందు రోజు వెళ్ళి "బాబాయ్, రేపట్నుంచి నేను అడిగినా ఇవ్వకు" అన్నాను. పుస్తకం తీసి నా పేరు దగ్గర బాకీ అంతా కూడి, గీత కొట్టి, "ఇంక టీ ఒక్కటే" అన్నాడు. రెండో వారంలో ఒక రోజు గొడవపడి అడిగాను, గట్టిగా అరిచాను కూడా, అల్లం టీ పోసి నా చేతిలో పెట్టి వేరే గిరాకీ చూసుకున్నాడు. నిన్న మా షెడ్డుకి గేట్లు చూసుకోడానికి ఒక కస్టమర్ వచ్చారు, ఆయన సిగరెట్ కావాలంటే కుర్రాళ్ళెవరూ లేక నేనే రోడ్డు దాటి వెళ్ళి ఒకటివ్వమన్నాను.

"ఆయన్నే రమ్మను" అన్నాడు బాబాయ్.