నాలుగక్షరాల తిరస్కారం

మా చిన్నాన్న 1983లో సైన్యపు ఫిరంగి దళమైన ఆర్టిలరీలో జవానుగా చేరి, ఇరవై నాలుగేళ్లు పనిచేసి, 2007లో హవల్దారుగా ఇంటికి వచ్చారు. ఆయన డిజేబిలిటీ పెన్షన్ కోసం ఆ తరువాత పన్నెండేళ్లు నడిచిన ఉత్తరాలలో సగానికి పైగా నా చేత్తో రాసినవే. మాజీ సైనికుల అప్పీళ్లలో న్యాయం ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ జారిపోతుంది అన్న విషయంలో నాకు తెలిసినదంతా ఆ ఒక్క ఫైలు నేర్పినదే.

ఏ కాగితాన్ని ఆధారం చేసుకొని ఆయన క్లెయిమును కొట్టివేశారో ఆ కాగితాన్ని మేము మొదటిసారి చూసింది 2015లో, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టిన తరువాత. సర్వీసు ముగిసేటప్పుడు రిలీజ్ మెడికల్ బోర్డు ఆయనను పరీక్షించి నింపిన ఫారం అది. మసకగా వచ్చిన ఆ జిరాక్సులో ఒక పట్టిక ఉంది. మొదటి గడిలో జబ్బు పేరు అధిక రక్తపోటు అని రాసి ఉంది. సర్వీసు వల్ల వచ్చిందా అన్న ప్రశ్నకు 'లేదు' అని, సర్వీసు వల్ల ముదిరిందా అన్న ప్రశ్నకు మళ్లీ 'లేదు' అని ఉన్నాయి. కారణాలను వివరంగా రాయమని విడిచిన చివరి గడి అన్నిటికన్నా వెడల్పైనది. అందులో, జబ్బు పీస్ స్టేషనులో, అంటే సరిహద్దుకూ పోరుకూ దూరంగా ఉండే స్థావరంలో, బయటపడింది అన్న ఒక్క ముక్క తప్ప మిగిలినదంతా ఖాళీ. వైకల్యం ముప్పై శాతం, జీవితాంతం ఉంటుంది అని మాత్రం అదే బోర్డు ఒప్పుకుంది.

సర్వీసు వల్ల రాలేదు, ముదరనూ లేదు అనే ఈ నిర్ణయానికి ఇంగ్లీషు పొడి అక్షరాలు నాలుగు, NANA. వాటిని కలిపి పలికితే 'నానా' అవుతుంది. మన భాషలో ఆ మాట పక్కన చేరేవి అవస్థలే కనుక, ఆ పేరు పెట్టినవారికి తెలుగు వచ్చి ఉంటుందా అని మా ఇంట్లో ఒక వేళాకోళం ఉండేది.

ఈ నాలుగక్షరాల విలువ ఎంతో చెప్పాలంటే లెక్క చూపాలి. వైకల్యం కనీసం ఇరవై శాతం ఉండి, దానికి సర్వీసుతో సంబంధం ఉందని తేలితేనే డిజేబిలిటీ పెన్షన్ వస్తుంది. నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో ముప్పై శాతం ఇస్తారు. తక్కువ వైకల్యానికి ఆ దామాషాలో తగ్గుతుంది. యాభైకి లోపు ఉన్న శాతాన్ని యాభైగా, యాభై నుండి డెబ్బై అయిదు వరకు ఉన్నదాన్ని డెబ్బై అయిదుగా, ఆపైన నూరుగా లెక్కగట్టే పద్ధతి 1996 నుండి అమలులోకి వచ్చింది. సర్వీసు మధ్యలో పంపివేసినవారికే కాక పూర్తికాలం చేసి రిటైరైనవారికి కూడా అది వర్తిస్తుందని 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రభుత్వం వేసిన వందల అప్పీళ్లను ఒకేసారి కొట్టివేస్తూ తేల్చింది. ఆ లెక్కన చివరి జీతం నలభై వేలున్న హవల్దారుకు ముప్పై శాతం వైకల్యం యాభైగా మారి, నెలకు ఆరు వేలు రావాలి. 'నానా' అని రాస్తే ఒక్క రూపాయి రాదు.

విచిత్రమేమిటంటే నిబంధనలు జవానుకు వ్యతిరేకంగా లేవు. చిన్నాన్నకు వర్తించే 1982 నాటి ఎంటైటిల్‌మెంట్ రూల్సు, సైన్యంలో చేరేటప్పుడు జబ్బు ఉన్నట్టు రాసుకోకపోతే ఆ మనిషి ఆరోగ్యంగానే చేరాడని అనుకోవాలంటాయి. క్లెయిము పెట్టుకున్నవాడిని రుజువులు తెమ్మని అడగకూడదని, సహేతుకమైన సందేహం ఏదైనా ఉంటే దాని లాభం అతనికే దక్కాలని కూడా అవే రూల్సులో స్పష్టంగా ఉంది. జబ్బును చేరినప్పుడు కనిపెట్టడం సాధ్యం కాదని డాక్టర్లు అనుకుంటే, ఎందుకు సాధ్యం కాదో కారణం రాయాలి. 1985లో సైన్యపు సమాచార విభాగమైన సిగ్నల్స్‌లో చేరి, మూర్ఛ వ్యాధి వచ్చి 1994లో ఇంటికి పంపబడ్డ ధరమ్‌వీర్ సింగ్ అనే సిపాయి కేసులో, అది పుట్టుకతో వచ్చిన తత్వం అని బోర్డు ఒక్క మాటతో తేల్చివేయగా, 2013 జులై 2న సుప్రీంకోర్టు ఈ రూల్సునే ఒక్కొక్కటిగా చదివి వినిపించి, కారణం రాయని అభిప్రాయం చెల్లదని, రుజువు చేయవలసిన బరువు ప్రభుత్వం మీదనే ఉందని చెప్పింది. ఆ తీర్పు కొత్త హక్కు ఏదీ ఇవ్వలేదు. ముప్పై ఏళ్లుగా పుస్తకంలో ఉన్నదే చెప్పింది.

అయితే పుస్తకంలో ఉన్నది అప్పీలు మెట్లు ఎక్కే సరికి ఏమవుతుందో మా ఫైలులో చూడవచ్చు. తిరస్కార ఉత్తరం అందిన ఆరు నెలలలోగా మొదటి అప్పీలు కమిటీకి, అక్కడ కాదంటే మళ్లీ ఆరు నెలలలోగా రెండో కమిటీకి రాసుకోవాలి. 2008లో చిన్నాన్న తన గురించి బోర్డు ఏమి రాసిందో చదవకుండానే మొదటి అప్పీలు రాశారు. తాను మంచు కొండల మీద రెండేళ్లు, ఈశాన్యంలో మూడేళ్లు పనిచేశానని, ఇంటి నుండి తెచ్చుకున్న జబ్బు కాదని రెండు పేజీలు రాశారు. 2009లో వచ్చిన జవాబులో ఆ అయిదేళ్ల ప్రస్తావన లేదు. బోర్డు ఫారంలోని ముక్కే, కొంచెం పొడిగించి, జబ్బు పీస్ స్టేషనులో మొదలైంది గనుక సర్వీసుకు సంబంధం లేదని ఉంది. ఆ జవాబు రాసినవారిలో ఎవరూ ఆయనను చూడలేదు, పిలవలేదు. బయటపడింది అన్న మాట మొదలైంది అన్న మాటగా ఎప్పుడు మారిందో గమనించిన నాథుడూ లేడు.

ఆ ఉత్తరం నేను చదివి వినిపించినప్పుడు ఆయన అన్నది నాకు బాగా గుర్తుంది: "తుపాకుల దగ్గర మిషను పెట్టి బీపీ చూసేవాడెవడ్రా? కిందికి దిగాకే కదా చూస్తారు!"

నా దృష్టిలో అప్పీలు వ్యవస్థలోని అసలు లోపం ఇదే. మెట్లు తక్కువై కాదు. ప్రతి మెట్టు మీదా పాత అభిప్రాయాన్నే తిరగరాయడం వల్ల. ఒక నిర్ణయాన్ని మరొకరు పరిశీలించారు అనాలంటే, జవాను లేవనెత్తిన అంశానికి అవుననో కాదనో జవాబు ఉండాలి. పరీక్షించిన బోర్డు మాటను పరీక్షించనివారు కాగితం చూసి మార్చరాదని సుప్రీంకోర్టు 1993లోనే అన్నది. అప్పట్లో పెన్షన్ ఖాతాల కార్యాలయం బోర్డు ఇచ్చిన శాతాన్ని తనంతట తానే కోసివేసేది కాబట్టి ఆ మాట అవసరమైంది. జవానుకు లాభించే అభిప్రాయాన్ని మార్చడానికి ఉన్నంత చొరవ, నష్టం చేసే అభిప్రాయాన్ని తిరిగి చూడడానికి లేకపోవడమే నాకు మింగుడు పడదు.

రెండో అప్పీలు ఉంటుందని ఆ ఉత్తరంలో ఒక వాక్యం ఉందేమో గానీ, చిన్నాన్న అప్పటికే విసిగిపోయి కాగితాలు ట్రంకు పెట్టెలో పడేశారు. ధరమ్‌వీర్ సింగ్ తీర్పు గురించి ఒక మాజీ సైనికుల సమావేశంలో విన్న తరువాతే ఆయన మళ్లీ పెట్టె తెరిచారు. 2015లో రెండో అప్పీలు పంపాము. ఆరు నెలలు గడిచినా జవాబు రాలేదు. అలా రాకపోతే ట్రిబ్యునలుకు వెళ్లవచ్చని 2007 నాటి సాయుధ దళాల ట్రిబ్యునల్ చట్టంలో ఉంది. ఆంధ్ర, తెలంగాణ వారికి ఆ బెంచి చెన్నైలో ఉంది. ఒక న్యాయమూర్తి, ఒక రిటైర్డు సైనికాధికారి కలిసి కూర్చుంటారు. సభ్యుల పదవులు ఖాళీగా ఉండి బెంచీలు కూర్చోని రోజులు ఉండడం ఒక సమస్య అయితే, ఈ ట్రిబ్యునల్ పాలన ఏ రక్షణ శాఖ చేతిలో ఉందో ప్రతి కేసులోనూ ఆ శాఖే ప్రతివాదిగా ఉండడం మరొకటి. ఇది తగదని, న్యాయ శాఖ కిందికి మార్చాలని పంజాబ్, హర్యానా హైకోర్టు 2012లోనే చెప్పింది. మా వరకు బెంచి ఓపికగానే విన్నది. ఆ మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది.

2016లో వేసిన పిటిషన్ మీద 2018లో ఉత్తర్వు వచ్చింది. ముప్పై శాతం యాభైగా లెక్కించి పెన్షన్ ఇమ్మన్నారు. బకాయిలు మాత్రం పిటిషన్ వేసిన తేదీకి ముందు మూడేళ్లకే పరిమితం. 1983లో ఇంటికి వచ్చి 1999లో కోర్టుకు వెళ్లిన తర్సేమ్ సింగ్ అనే సైనికుడి కేసులో సుప్రీంకోర్టు 2008లో పెట్టిన హద్దు అది. ఆలస్యం చేసినవాడికి పాత బకాయిలన్నీ ఎందుకు ఇవ్వాలి అన్న వాదనలో బలం లేకపోలేదు. కాని చిన్నాన్న ఆలస్యంలో ఎంత ఆయనది, ఫారం చూపించనివారిది ఎంత? 2007 నుండి 2013 వరకు ఆరేళ్ల డబ్బు ఎవరి తప్పుకు కట్టిన జరిమానా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. వచ్చిన డబ్బు 2019లో బ్యాంకులో పడింది.

ప్రభుత్వం వైపు మాట కూడా వినాలి. రక్తపోటు, మధుమేహం ఊళ్లో అందరికీ వస్తున్నవే, వాటికి సైన్యం ఎందుకు కట్టాలి, దుర్వినియోగం జరుగుతోంది అని వారంటారు. 2023 సెప్టెంబరులో కొత్త నిబంధనలు తెచ్చి, పూర్తి సర్వీసు చేసి దిగేవారికి పెన్షన్‌లో వైకల్యానికి ఇచ్చే భాగానికి పేరు కూడా మార్చారు. మాజీ సైనికుల సంఘాలు దాన్ని గట్టిగా వ్యతిరేకించాయి. దుర్వినియోగం ఉండవచ్చు. దానికి విరుగుడు మొదటి బోర్డులోనే మనిషి పోస్టింగుల చరిత్ర ముందు పెట్టుకొని పరీక్షించడం, కారణాలు పూర్తిగా రాయడం, ఆ ఫారం నకలు అక్కడికక్కడే అతని చేతికివ్వడం. అప్పుడు ప్రభుత్వం గెలిచిన కేసు కూడా నిజంగా గెలిచినట్టే ఉంటుంది.

పోయిన ఆదివారం పక్క ఊరి నుండి ఒక రిటైర్డు సైనికుడు చిన్నాన్నను వెతుక్కుంటూ వచ్చారు. చెవి వినికిడి తగ్గిన కేసు. ట్యాంకుల రెజిమెంటులో పదిహేడేళ్లు చేసిన మనిషి. చిన్నాన్న కళ్లద్దాలు పెట్టుకొని ఫారంలో నేరుగా చివరి గడి మీద వేలు పెట్టారు. ఈసారి ఒక్క ముక్క కూడా లేదు, అడ్డగీత ఉంది. తిరస్కార ఉత్తరం తేదీ చూసి వేళ్ల మీద లెక్క పెట్టి, గడువు ఇంకా నలభై రోజులుంది, కాగితం కలం తీసుకురమ్మని నన్ను కేకేశారు.