ఈసారి స్టాపు లేని చోట ఆగాం

మావారు ఆర్టీసీలో 31 ఏళ్లు డ్రైవరుగా చేశారు. మొదట్లో చిత్తూరు–తిరుపతి రూటు, తర్వాత శ్రీకాళహస్తి, నాయుడుపేట. చంద్రగిరి మీదుగా ఎన్ని వేలసార్లు పోయుంటారో ఆయనకే తెలీదు. కోట లోపల అడుగు పెట్టింది మాత్రం ఒక్కసారీ లేదు. పిల్లలు చిన్నప్పుడు అడిగితే, "బస్సులో అంతమంది ఉంటారు, మనం చూడాలని ఆపేస్తామా నాయనా?" అనేవారు. రిటైరై ఏడాది తిరక్కముందే పాత మారుతీ ఓమ్ని ఒకటి కొన్నారు. ఇప్పుడు ఇదెందుకండీ అంటే, "ఆపుకుంటా పోదాం" అన్నారు. ఇంకే కారణమూ చెప్పలేదు.

ముక్కనుమ మర్నాడు తెల్లవారుజామున చిత్తూరు నుంచి బయలుదేరాం. వెనక సీటు మడిచి దానిమీద ప్లైవుడ్ పలక, పలక మీద దూది పరుపు. కింద 20 లీటర్ల నీళ్ల క్యాను, 5 కేజీల సిలిండరు, ఒంటి స్టవ్వు, రాగిపిండి డబ్బా. చిన్న రోలు కూడా పెట్టాను. బరువెందుకన్నారు ఆయన. కానీ ఊరిబిండి, అదే పల్లీల పచ్చడి, రోట్లో దంచితేనే పల్లీలు పంటి కింద తగులుతాయి. మిక్సీలో వేస్తే ముద్దయిపోతుంది, దాన్ని నేను ఊరిబిండి అనను. ఇవి కాక నాకు రూళ్లు లేని నోటుబుక్కు, రెండు పెన్సిళ్లు. ఆయనకు ఒక గుడ్డసంచి, అందులో 15 చింతగింజలు, మూడు గులకరాళ్లు. వారం రోజులకు మా ఇద్దరి కాలక్షేపం అదే.

పండగ అయిపోయిన వెంటనే బయలుదేరడం నా పంతం. నాకు చూసిన ముగ్గులు నోటుబుక్కులోకి ఎక్కించుకునే అలవాటుంది. సంక్రాంతి ముగ్గులు అప్పటికింకా పూర్తిగా చెరిగిపోవు. చివరి రోజు వేసిన రథం ముగ్గులు ఊరూరా గడపల ముందు ఉంటాయి. రథం తాడు గీతను పక్కింటి ముగ్గు దాకా లాగుతారు, పక్కింటివాళ్లు అక్కణ్ణుంచి ఇంకో ఇంటి దాకా. ఒక్కో వీధిలో అలా అన్ని ఇళ్లూ ఒకే తాడు మీద ఉంటాయి. అది చూస్తూ నడుస్తుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

పాకాల దాటాక ఒక పల్లెలో వ్యాను ఆపించాను. ఒక ఇంటి ముందు మెలికల ముగ్గు, మా అమ్మ వేసేది అచ్చం అలాగే. నోటుబుక్కు తీసి గీస్తుంటే ఇంట్లోంచి ఒక ముసలావిడ వచ్చింది.

"యాడ్నించి వస్తా ఉండావమ్మా? ఆఫీసోళ్లా?"

"కాదు పెద్దమ్మా, ముగ్గు రాసుకుంటున్నా."

ఆవిడ నా బుక్కు చూసి తల అడ్డంగా ఊపింది. "చుక్కలు తప్పినావు. ఏడు చుక్కలు, ఒకటి వచ్చేదాకా సందు చుక్క. నువ్వు ఎదురు చుక్క పెట్టుండావు." సందు చుక్క అంటే పై వరస రెండు చుక్కల మధ్య సందులో పెట్టేది, ఎదురు చుక్క అంటే చుక్క కిందే చుక్క. లోపలికెళ్లి కొబ్బరిచిప్పలో ముగ్గుపిండి తెచ్చి, పక్కనే కాస్త చోటు చిమ్మి, కూర్చుని వేయడం మొదలుపెట్టింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి పిండి సన్నగా, ఒకే లావున జారుతోంది. "గీత చుక్కను తాకకూడదు. చుట్టుకోని పోవాల. యాడ మొదలుపెట్టినావో ఆడికే వచ్చి చేరాల" అంది. ఆ వయసులో ఎక్కడా చెయ్యి వణకలేదు. ఎక్కడ అతికిందో తెలియకుండా చివరి మెలిక మొదటిదానితో కలిసిపోయింది. మేం అక్కడ గంటన్నర ఉన్నాం. మావారు ఒక్కసారి కూడా గడియారం చూసుకోలేదు. ఇంట్లో ఉన్నా రోజుకి ఇరవై సార్లు చూసుకునే మనిషి.

చంద్రగిరిలో రాజమహల్ ముందు ఆయన చాలాసేపు నిలబడిపోయారు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండకు, అక్కణ్ణుంచి ఈ చంద్రగిరికి వచ్చారు. మహల్ కట్టడానికి కర్ర వాడలేదు. రాయి, ఇటుక, సున్నం, అంతే. మూడంతస్తులు కమానుల మీదే నిలబడి ఉన్నాయి. లోపల పురావస్తుశాఖ మ్యూజియం ఉంది, అది గబగబా చూసేశాం. ఆయనకు మనసు పట్టింది గోడలు. ఎండకు వెచ్చబడిన గోడకు అరచెయ్యి ఆనించి, "ఇన్నేళ్లూ పై కొసలే చూశాను" అన్నారు.

మధ్యాహ్నం ఊరి బయట ఒక పాత రాతిమండపం నీడలో సద్దిమూట విప్పాం. తిన్నాక అరుగు తుడుస్తుంటే కింద గీతలు కనిపించాయి. రాతిలో చెక్కిన పులి–మేక పటం. పైన కొస, అక్కణ్ణుంచి కిందికి విచ్చుకునే గీతలు, వాటికి అడ్డంగా ఇంకొన్ని. ఎన్ని తరాల వేళ్లు తగిలాయో, గీతల అంచులు నున్నగా అరిగిపోయాయి. ఆయన ముఖం వెలిగిపోయింది. సంచి విప్పారు.

ఈ ఆట ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు కాబట్టి చెబుతాను. 23 గళ్లు, అంటే గీతలు కలిసే చోట్లు. మూడు పులులు, 15 మేకలు. మేకల వాళ్లు ఒక్కో మేకనే దించాలి. పక్కన మేక ఉండి దాని అవతల గడి ఖాళీగా ఉంటే పులి దూకి తినేస్తుంది. మేకలకు దూకే బలం లేదు. అన్నీ ఒకదానికొకటి దన్నుగా నిలబడి, పులికి కదిలే సందు లేకుండా చేయాలి. అప్పుడే వాటి గెలుపు. మేకలు పట్టి గెలవడమే అసలైన ఆట అని నేనంటాను.

మేం రెండో ఆట మొదలుపెట్టేసరికి గొర్రెలు తోలుకొచ్చిన ఒకాయన వచ్చి కూర్చున్నారు. తర్వాత బైకు మీద పోతున్న ఇద్దరు కుర్రాళ్లు. పావుగంటకు నేను లేచి చోటివ్వాల్సి వచ్చింది. "అన్నా, ఆ మేకను దించొద్దు, దించొద్దు!" అని ఒకడు, "నువ్వు గమ్మునుండ్రా" అని ఇంకొకడు. వాళ్లలో ఒక్కరూ మాకు ముందు తెలిసినవాళ్లు కాదు. సాయంత్రం వెళ్లేటప్పుడు గొర్రెలాయన తన చెంబులో పాలు మా గిన్నెలో వంచి పోయారు. ఆ రాత్రి టీ ఆ పాలతోనే.

రాత్రుళ్ల గురించి కూడా చెప్పాలి. వ్యాన్లో ఉండటం అంటే రోజంతా చిన్న చిన్న పనులే. నీళ్లు ఎక్కడ పట్టుకోవాలి, స్నానం ఎక్కడ, ఉతికిన బట్టలు ఎక్కడ ఆరేయాలి. మేం పెట్రోలు బంకుల్లోనో, గుడి సత్రాల ఆవరణలోనో అడిగి ఆపుకునేవాళ్లం. అడిగితే కాదన్నవాళ్లు ఒక్కచోటే తగిలారు. స్నానం సత్రంలో, లేదంటే బకెట్టు నీళ్లతో సరిపెట్టుకోవడం. ఆడవాళ్లకు అది కష్టమే, కాదనను. నేను మూడో రోజుకి అలవాటు పడ్డాను. వంట మాత్రం హాయి. ఎసరు మరిగాక నూకలు వేసి, అవి ఉడికాక రాగిపిండి పోసి, మూతపెట్టి, తెడ్డుతో కెలికితే రెండు ముద్దల సంగటి. తెడ్డు తిప్పేటప్పుడు గిన్నె కదలకుండా రెండు పక్కలా గుడ్డతో పట్టుకోవడం ఆయన పని. 37 ఏళ్ల కాపురంలో ఆయన వంటలో చెయ్యి పెట్టడం అదే మొదలు.

తిరుమల కొండకు ఈసారి వెళ్లలేదు. అలిపిరి దగ్గర దిగి కొండకు దండం పెట్టుకుని ఏర్పేడు వైపు తిరిగాం.

అక్కడికి దగ్గర్లోనే గుడిమల్లం. పరశురామేశ్వరుడి గుడి చిన్నది, ఊరు ఇంకా చిన్నది. లోపలున్న లింగం మాత్రం క్రీస్తుపూర్వం నాటిదని చెబుతారు, దేశంలో ఉన్న బాగా పాత శివలింగాల్లో అదొకటి. దాదాపు ఐదడుగుల రాయి. దాని మీద రెండు చేతుల శివుడు, ఒక మరుగుజ్జు భుజాల మీద నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో పొట్టేలు, ఒక చేతిలో చిన్న పాత్ర, భుజాన గొడ్డలి. ఎక్కడా చూడని రూపం. వేటకు పోయి ఊళ్లోకి తిరిగొచ్చిన మనిషిలాగా అనిపించాడు నాకు. లోపల ఫొటో తియ్యకూడదు కాబట్టి బయటికొచ్చి, చెట్టు కింద కూర్చుని గుర్తున్నది గీశాను. పొట్టేలు ఏ చేతిలో ఉందో తేలలేదు. మళ్లీ లోపలికెళ్లి చూసొచ్చాను. కుడిచేతిలో, వెనక కాళ్లు పట్టుకుని వేలాడదీసి. ఇంకోసారి గొడ్డలి కోసం వెళ్లాను. ఎడమ భుజం. మూడోసారి వెళ్లినప్పుడు అర్చకులు, "ఏంతల్లీ, మొక్కుబడా?" అని అడిగారు. బొమ్మ చూపిస్తే సంతోషించి, కింద ఉన్న మరుగుజ్జు ముఖం సరిగా కనబడేలా హారతి పట్టుకుని నిలబడ్డారు.

శ్రీకాళహస్తిలో దర్శనం అయ్యాక రెండు రోజులు కలంకారీ వీధుల్లోనే తిరిగాను. 1950ల చివర్లో ప్రభుత్వం శిక్షణ కేంద్రం పెట్టకపోతే ఈ పని అంతరించిపోయేదేమో. ఇక్కడి జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. మేం ఒక ఇంటి వసారాలో పని చేసుకుంటున్న అక్కాచెల్లెళ్ల దగ్గర కూర్చున్నాం. గుడ్డను ముందు కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని కొవ్వు వల్ల రంగు అటూ ఇటూ పాకదు. కలం అంటే వెదురుపుల్ల, దానికి చుట్టిన గుడ్డ, పైన దారం. ఆ చుట్టను వేళ్లతో నొక్కుతూ గీస్తే రంగు దిగుతుంది.

నల్లరంగును కసిమి అంటారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన నీరు. పెద్దక్క నా చేతికి కలం ఇచ్చి, పనికిరాని గుడ్డముక్క ముందు పెట్టింది. నేను గీసింది పాకాల పెద్దమ్మ నేర్పిన మెలిక. గీసేటప్పుడు గీత పలచగా, మురికినీళ్లలాగా ఉంది. నాకు రాలేదనుకున్నాను. "ఉండక్కా" అందామె. చూస్తూ చూస్తూ ఉండగానే గీత నల్లబడింది. ఇనుము గుడ్డలోని కరక్కాయతో కలిసి నలుపెక్కుతుందట. అది చూస్తున్నంతసేపూ నేను ఊపిరి బిగపట్టుకునే ఉన్నాను. ఆ ముక్క ఇప్పుడు మా దేవుడి గదిలో ఉంది.

ఆ రాత్రి లోపలి లైటు ఆర్పకుండా నోటుబుక్కు ముందేసుకుని నిద్రపోయాను. తెల్లారి బ్యాటరీ డౌన్. నాకు టెన్షన్ పట్టుకుంది గానీ ఆయన ఏమీ అనలేదు. పక్కన ఇడ్లీబండి దగ్గరున్న నలుగురు చేతులు కడుక్కుని వచ్చి తోశారు. రెండో గేర్లో క్లచ్ వదలగానే బండి అందుకుంది.

నాయుడుపేట దాటి సూళ్లూరుపేట వైపు వెళ్తుంటే దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల కేంద్రం. చెరువు నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద వందల కొద్దీ గూడబాతులు, అంటే పెలికాన్లు. కాపురాలకే వస్తాయి ఇక్కడికి. ఒకటి ముక్కున ఆకుల కొమ్మ కరుచుకుని వచ్చి దిగితే, గూటిలో ఉన్నది దాన్ని అందుకుని సర్దుకుంటోంది. నచ్చలేదేమో, తీసి మళ్లీ ఇంకోవైపు గుచ్చింది. పక్క గూట్లో పిల్ల, తల్లి నోటి సంచిలో మెడ దాకా దూర్చి తింటోంది. ఆ సంచిని చూస్తే పేరు అర్థమైంది. మా తాత కాలంలో కాలవలోంచి పొలానికి నీళ్లు చేదడానికి ఇద్దరు నిలబడి ఊపే గూడ, అచ్చం అదే. పిట్టల రెట్టలు కలిసిన ఈ చెరువు నీళ్లు పొలాలకు మంచి ఎరువని ఇక్కడి రైతులు పిట్టలను ఎవరినీ తాకనివ్వరు. నీళ్ల దగ్గర కాపలా ఉన్న ఒక తాత, "అవి రాని ఏడు మాకూ మంచిది కాదమ్మా" అన్నాడు.

మర్నాడు శ్రీహరికోట రోడ్డు మీద పులికాట్ సరస్సు మధ్య బండి ఆపి ఫ్లెమింగోలను చూశాం. తల కిందులుగా పెట్టి నీళ్లు వడగట్టుకుంటూ నడుస్తాయి. దూరంగా ఉన్నాయి, మా దగ్గర బైనాక్యులర్ లేదు. గులాబీ గీతలాగా కనిపించాయి, అంతే. ఉప్పుగాలికి టీ చల్లారిపోయింది.

తిరుగుదారిలో సత్యవేడు, నాగలాపురం, పుత్తూరు. కార్వేటినగరం కోనేటి మెట్ల మీద రెండు ముగ్గులు పూర్తి చేశాను. ఇంక ఇల్లు గంట దూరం. నేను ఆపమనలేదు, అయినా రోడ్డు పక్కన బెల్లం గానుగ కనబడగానే ఆయనే బండి దింపేశారు. పెనంలో పాకం ఉడుకుతోంది, పిప్పి పొగ, తీపి వాసన. గానుగ మనిషి ఆకులో వేడి బెల్లం పెట్టిచ్చాడు. నేలమీద బొగ్గుతో పటం గీసి ఇద్దరూ ఆటకు కూర్చున్నారు.

మధ్యలో చిత్తూరు బస్సు వచ్చింది. నడిపేది ఆయనతో పనిచేసిన కుర్రాడే. గుర్తుపట్టి హారన్ కొట్టాడు, కాస్త స్లో చేశాడు, కిటికీలోంచి నవ్వాడు. ఆగడానికి లేదు. ఆయన లేచి నిలబడి చెయ్యెత్తారు. బస్సు మలుపు తిరిగేదాకా అలాగే ఉండి, వచ్చి మళ్లీ పటం ముందు కూర్చున్నారు. పులులు ఆయనవి. కదలడానికి ఒక్క దారే మిగిలుంది.