మన్యుకృతేభ్యః పాపేభ్యః

ప్రాతఃసంధ్యలో మంత్రాచమనం దగ్గరికి వచ్చేసరికి మనవాళ్లకు ఎక్కడలేని తొందర పుడుతుంది. అరచేతిలో ఉద్ధరిణెడు నీళ్లు పోసుకుని, "సూర్యశ్చ మా మన్యుశ్చ" అని ఎత్తుకుని, నడుమ మాటలన్నీ ఒకదానిమీద ఒకటి పడేలా పరుగెత్తించి, "స్వాహా" ఒక్కటే స్పష్టంగా పలికి గుటుక్కున మింగేస్తారు. నిన్న రాత్రి మనసుతో, మాటతో, చేతులతో, కాళ్లతో, పొట్టతో, చివరికి గుహ్యేంద్రియంతో చేసిన పాపాన్ని పేరుపేరునా ఒప్పుకుంటున్నామన్న ఎరుక ఆ గుటకలో ఎక్కడా కనిపించదు.

ఈ ఒప్పుకోలుకు సాక్షులు లేరన్నది గమనించండి. ఎదురుగా ఉదయించబోయే సూర్యుడు, చేతిలో నీళ్లు, అంతే. పక్కన కూర్చున్నవాడికి కూడా మన పాపం వినబడనవసరం లేదు. అంతకంటే ముఖ్యమైనది మొదటి పాదంలోనే ఉంది. "మన్యుశ్చ మన్యుపతయశ్చ మన్యుకృతేభ్యః పాపేభ్యో రక్షంతామ్" అంటున్నాం. మన్యువు అంటే కోపం. ఆ కోపదేవతనే, కోపానికి అధిపతులైనవారినే, కోపం చేయించే పాపాలనుంచి నన్ను కాపాడమని వేడుకుంటున్నాం. కామాన్నీ లోభాన్నీ వదిలి మన్యువునే ముందు ఎందుకు నిలబెట్టారా అని నేను చాలా ఏళ్లు ఆలోచించాను. కామంతో తప్పు చేసినవాడికి తెల్లవారేసరికి కొంచెమైనా సిగ్గు మిగులుతుంది. కోపంతో తప్పు చేసినవాడు మాత్రం ధర్మం నిలబెట్టానని హాయిగా నిద్రపోతాడు. ఒప్పుకోవాలని తోచని పాపం అదే కనుక దానికి వేరే రక్షణ కోరవలసివచ్చిందని నా నమ్మకం.

ఇది నాకు పుస్తకంలో తెలిసిన సంగతి కాదు. ఒక కార్తీకమాసంలో మా ఊరి శివాలయ వంటశాలనుంచి చిన్న నెయ్యి డబ్బా పంచె చాటున తీసుకుపోతూ వంటమనిషి పట్టుబడ్డాడు. పోలీసులకు అప్పగిద్దామని ఒకరు, జీతంలో కోసుకుందామని ఒకరు అన్నారు. చివరికి మెడలో అట్ట కట్టి గుడిచుట్టూ మూడుసార్లు తిప్పాలని తేలింది. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని అట్టా రంగూ నా చేతికిచ్చారు. అప్పుడే సంధ్య ముగించుకుని, విభూతి ఇంకా ఆరని చేతులతో, "నేను దేవుడి సొమ్ము దొంగిలించాను" అని దూరానికి కూడా కనబడేలా రాశాను. పురికొస మెడకు ఒరుసుకుపోతుంటే, అతడు అట్టను కింద అంచు పట్టుకుని పైకెత్తుకుని నడిచాడు. అలా పట్టుకోవడంవల్ల నా అక్షరాలు ఇంకా బాగా కనబడ్డాయి. పిల్లలు ఫోన్లు పట్టుకుని వెనక్కి నడుస్తూ వీడియో తీశారు.

అదే ప్రాకారంలో అదే పూట మేమంతా "పాపోఽహం పాపకర్మాహం పాపాత్మా పాపసంభవః" అంటూ ప్రదక్షిణం చేశాం. మేము నోటితో అన్నదే అతడి మెడలో ఉంది. మాది మాత్రం పుణ్యం.

శాస్త్రంలో అవమానశిక్షలు లేవా అని అడిగేవారుంటారు. ఉన్నాయి. మనుస్మృతి 9వ అధ్యాయం దొంగ నుదుట కుక్కపాదం గుర్తు కాల్చమంటుంది. కానీ నాలుగు శ్లోకాలు కూడా దాటకముందే, విధించిన ప్రాయశ్చిత్తం చేసుకున్నవారి నుదుట రాజు గుర్తు వేయరాదనీ, జరిమానా మాత్రం కట్టించాలనీ అదే నోటితో చెబుతుంది. 11వ అధ్యాయంలో వ్రతం చెడిన బ్రహ్మచారి గాడిదతోలు కప్పుకుని, ఏడిళ్ల ముంగిట తన తప్పు తానే చెప్పుకుంటూ భిక్షమెత్తాలి. పాపవిమోచనానికి చెప్పిన ఉపాయాల్లో ఖ్యాపనం మొదటిది, అనుతాపం రెండోది. ఖ్యాపనమంటే తన పాపం తన నోట బయటపెట్టడం. దాన్ని ఇంకొకడు అట్టమీద రాసి కడితే చెప్పుకునే అవకాశం కూడా లాగేసుకున్నట్టే. మేము అతణ్ణి ఎందుకు తీశావని అడగనైనా లేదు.

అయ్యా, నెయ్యి పోతే నెయ్యి ఖరీదు రాబట్టండి, పని మాన్పించవలసివస్తే మాన్పించండి, ఠాణాకు వెళ్లవలసినంత నేరమైతే ఠాణాకే వెళ్లండి. మనిషిని ఊరేగించకండి. ఊరేగింపు స్వామికి చేస్తాం. ఆ ఫోన్లు జేబులో పెట్టుకోండి, మీ పిల్లలచేత కూడా పెట్టించండి.

సంక్రాంతి దాటాక ఒక పెళ్లివారి వంటపందిట్లో అతడు కనిపించాడు. అన్నపు డేగిసా దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నమస్కారం పెట్టాడు, ఎప్పటిలాగే. ఆ అట్టమీద రాసింది నేనేనని చెప్పాను. "తెలుసండి, తమరి దస్తూరి కదా" అని, గరిటె పక్కన పెట్టి, నాకు కూర్చోవడానికి పీట వేశాడు.

ఇప్పుడు మంత్రాచమనంలో "హస్తాభ్యామ్", అంటే చేతులతో, అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగుతున్నాను. ఆ కాసేపట్లోనే అరచేతిలో నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోతుంటాయి; మళ్లీ పోసుకుని మొదటినుంచి చెబుతాను.