ముప్పై ఒకటో ఏట ఐసెట్

మిర్యాలగూడలో రైసుమిల్లు లెక్కలు రాస్తూ ఎనిమిదేళ్లు గడిచాక నాకు ఎంబీఏ మీద మనసు పుట్టింది. "అక్కా, లెక్కల సంగతి సరే, ఇంగ్లీషు చూసుకో" అన్నాడు తమ్ముడు. వాడి నోట మంచిమాట ఎప్పుడు వచ్చింది గనక!

ఎంబీఏలో చేరడానికి రాసే ప్రవేశ పరీక్ష ఐసెట్‌లో 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. విశ్లేషణకు 75, గణితానికి 75, ఇంగ్లీషుకు 50. తప్పు రాస్తే మార్కులు కోయరు కాబట్టి ఏదీ వదలకూడదని ముందే అనుకున్నాను.

శాతాల లెక్కలు చూడగానే ప్రాణం లేచి వచ్చింది. కొనుగోలు కేంద్రంలో ధాన్యం తేమ 17 శాతం దాటితే రైతు ముఖం ఎలా వాడిపోతుందో రోజూ చూసే మనిషిని. ఆ లెక్కలకు చిత్తు కాగితం కూడా అక్కర్లేకపోయింది. ఇంకోచోట 'లాగరిథమ్' అని చూసి బిక్కచచ్చిపోయాను. కింద తెలుగులో 'సంవర్గమానం' అని ఉంది. ఓస్, ఇదా! మా బడిలో నల్లబల్ల మీద సుద్దముక్క విరిగేలా రాయించిన పాఠమే.

ఇంగ్లీషు భాగానికి వచ్చేసరికి కింద తెలుగు లేదు. ఖాళీలో 'ఇన్' పెట్టాలా, 'ఆన్' పెట్టాలా, 'ఎట్' పెట్టాలా? బస్సులో, బడిలో, నల్గొండలో అంటూ ఒక్క 'లో'తో బతుకు వెళ్లదీసినదాన్ని. 'ఇన్‌వాయిస్' ఒక్కటే చుట్టంలా పలకరించింది. చివరి పదకొండు ప్రశ్నలకూ వరసగా మూడో జవాబే నొక్కేశాను.

బయటికి రాగానే తమ్ముడు ఫోను చేశాడు. సిగ్నలు లేదని చెప్పి బస్సెక్కాను.