టెక్కా సెంటర్‌లో టిఫిన్

ఆదివారం పొద్దున్నే సింగపూర్ లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్‌కి వెళ్లాం. దోసెలు, బిర్యానీ, చైనా నూడుల్స్, మలయా నాసి లెమాక్ (కొబ్బరిపాలతో వండే అన్నం) అన్నీ ఒకేచోట. మా ఆయన దోసె దగ్గరే ఆగిపోయారు (ఎక్కడికెళ్లినా అంతే!). నేను కాయా టోస్ట్ తీసుకున్నా. కాయా అంటే కొబ్బరిపాలు, గుడ్లు, పంచదార, సువాసనకి పాందాన్ ఆకు వేసి చిక్కగా ఉడికించే జామ్. పక్కన సగం ఉడికిన గుడ్లు, పైన సోయా సాస్, తెల్ల మిరియాల పొడి. కాఫీ గుడ్డసంచిలో వడగట్టి, తీయటి డబ్బాపాలు కలిపిచ్చారు. గింజల్ని పంచదార, వెన్నతో నల్లగా వేయిస్తారట, ఆ మాడు చేదు భలే నచ్చింది.

ఖాళీ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ ఉంటే ఆ సీటు ఎవరిదో అయిపోయినట్టే, మన ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసినట్టు! చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే ఈ హాకర్ సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. తిన్న ట్రే మాత్రం మనమే తీసిపెట్టాలి. మానేస్తే మొదట హెచ్చరిక, తర్వాత ఫైన్.