బాబాయి పెన్షన్ గోల
మా బాబాయికి చిన్నప్పుడే పోలియో వచ్చి కుడికాలు పోయింది, వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్‌లో 55 శాతం. ఇన్నాళ్లూ నేను శాతం ఎక్కువుంటే డబ్బులు కూడా ఎక్కువొస్తాయనుకుని మళ్లీ క్యాంపుకి స్లాట్ బుక్ చేద్దామని ఆయన్ని ఒకటే సతాయించా, తీరా చూస్తే ఆంధ్రాలో 40 శాతం ఉంటే చాలంట, 45 అయినా 80 అయినా నెలకి అదే 6000 (2024 జులైకి ముందు 3000 ఉండేది). 15000 అనేది పక్షవాతంతోనో ఇంకోదాంతోనో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైపోయినవాళ్లకి, అది వేరే లెక్క. ఇంకోటి, ఊళ్లో లేక ఒక నెల మిస్సయితే ఆ డబ్బు పోయినట్టే అని ఎవరో చెప్తే పాపం ఆయన ఓ పెళ్లికి కూడా రాకుండా ఒకటో తారీఖు గుమ్మంలోనే కూర్చున్నాడు, కానీ తర్వాతి నెల కలిపి ఇస్తారంట! పెళ్లిభోజనం మిస్సయిందని ఇప్పుడు నన్ను తిడుతున్నాడు.