ఈ చలికాలం సిర్కా జాడీల లెక్క

నవంబర్ చివర

హన్మకొండలో రాత్రిళ్లు చలి మొదలైంది. వెనక గదిలోని జాడీలు నెమ్మదించాయి. సిర్కాను, అంటే వెనిగర్‌ను, పులిపించే బ్యాక్టీరియాకు 25 నుంచి 30 డిగ్రీల వేడి కావాలి, రాత్రి 15 దగ్గరికి దిగితే దాని పని బాగా తగ్గిపోతుంది. అందుకే వడకట్టడం, రుచి చూడటం, ఒకదానితో ఒకటి కలపడం అన్నీ ఈ నెలలకే ఉంచుకుంటాను. ఇటలీలోని మోదెనాలో కనీసం 12 ఏళ్లు నిలవబెట్టే సంప్రదాయ బాల్సమిక్ వెనిగర్‌ని కూడా ఒక పీపాలోంచి ఇంకో పీపాలోకి మార్చేది చలికాలంలోనే. చలికి మడ్డి అడుక్కి దిగుతుంది, పైన తేట నిలుస్తుంది. తేటను వేరే పాత్రలోకి మార్చడానికి ఇంతకన్నా మంచి కాలం లేదు.

ఇప్పుడు చేతిలో ఉన్నవి మూడు రకాలు: పోయిన చలికాలం పెట్టిన ఈత కల్లు సిర్కా, ఎండాకాలం ముందు పెట్టిన నల్ల ద్రాక్ష సిర్కా, వానలు మొదలైనప్పుడు పెట్టిన నేరేడు సిర్కా. మూడింటికీ పైన తెల్లటి మందపు పొర కట్టింది. మదర్ అంటారే, సిర్కా బ్యాక్టీరియా అల్లుకునే పొర, అదే. చెంచాతో మెల్లగా తీసి వేరే గిన్నెలో కొద్దిగా సిర్కా పోసి అందులో ఉంచాను. అడుగు మడ్డి కదలకుండా సన్నటి రబ్బరు పైపుతో పైనున్న తేటను వేరే సీసాల్లోకి దింపాను. గుడ్డతో వడకట్టడం కన్నా ఇదే నయం. గుడ్డలో పోస్తే గాలి బాగా తగులుతుంది, సన్నటి మడ్డి ఎలాగూ గుడ్డ దాటిపోతుంది.

ద్రాక్ష జాడీ విషయంలో తొందరపడ్డాను, పడాల్సిందే. ఆల్కహాల్ అంతా అయిపోయాక కూడా గాలి తగిలేలా ఉంచితే అదే బ్యాక్టీరియా ఈసారి పులుపునే తినేసి నీళ్లుగా, కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేస్తుంది. పులుపు రోజురోజుకీ తగ్గుతుంది. అందుకని దాన్ని మెడ దాకా నింపి, బిగుతుగా మూత పెట్టేశాను.

డిసెంబర్ మొదటి పక్షం: పులుపు కొలవడం

నాలుక ఎంత మంచిదైనా పులుపు శాతాన్ని చెప్పలేదు. కొంచెం తీపి మిగిలి ఉంటే గట్టి సిర్కా కూడా మెత్తగా అనిపిస్తుంది. కలపడం మొదలుపెట్టేముందు కొలత తప్పదు. ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో చేసే టైట్రేషనే ఇది: పులుపును విరిచే క్షారం ఎంత పట్టిందో చూసి పులుపు ఎంతో లెక్కకట్టడం. 0.1 నార్మల్ గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ (క్షారం) ద్రావణం, పులుపు విరగగానే గులాబీగా మారే ఫినాల్ఫ్తలీన్, డిస్టిల్డ్ వాటర్, సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజి ఉంటే చాలు. సైన్స్ పరికరాలు అమ్మే దుకాణంలో ద్రావణం తయారుగానే దొరుకుతుంది. చేతులకు గ్లవ్స్ వేసుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

2 మిల్లీలీటర్ల సిర్కాను 50 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో పోసి, ఫినాల్ఫ్తలీన్ రెండు చుక్కలు వేసి, ద్రావణాన్ని కొద్దికొద్దిగా వదలాలి. లేత గులాబీ రంగు వచ్చి అర నిమిషం నిలిస్తే ఆపెయ్యాలి. పోసిన ఒక్కో మిల్లీలీటరుకు 0.3 శాతం చొప్పున లెక్క. ఈత కల్లుది 17 మిల్లీలీటర్లు తీసుకుంది, అంటే 5.1 శాతం. ద్రాక్షది 20, అంటే 6 శాతం.

నేరేడుతోనే చిక్కు. దాని ఊదా రంగు ముందు గులాబీ ఎక్కడ కనిపిస్తుంది? కానీ ఆ రంగే మనకు పనికొస్తుంది. నేరేడు పండు రంగునిచ్చే ఆంథోసయానిన్లు పులుపులో ఎర్రగా ఉంటాయి, క్షారం ఎక్కువైతే నీలంగా, ఆకుపచ్చగా తిరుగుతాయి. అందుకే ఫినాల్ఫ్తలీన్ వెయ్యకుండా, 2 మిల్లీలీటర్లను 100 మిల్లీలీటర్ల నీళ్లలో బాగా పలచన చేసి, తెల్ల కాగితం మీద పెట్టి చూశాను. ఎరుపు పోయి బూడిద రంగు నీలం కలిసిన ఆకుపచ్చ వచ్చిన చోట ఆపాను. 14 మిల్లీలీటర్లు, అంటే సుమారు 4.2 శాతం. పండులో సహజంగా ఉండే పులుపు కూడా ఈ లెక్కలోకే వస్తుంది కాబట్టి చివరి అంకెను మరీ పట్టించుకోను.

మన దేశంలో ఆహార భద్రత నిబంధనల ప్రకారం పులియబెట్టిన వెనిగర్‌లో కనీసం 3.75 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉండాలి. ఊరగాయలకు వాడాలంటే నేను 5 శాతానికి తక్కువ ఒప్పుకోను. అంటే నేరేడుది ఒక్కదాన్నే మిరపకాయల్లో పోయలేను. కలపడం రుచికోసమే కాదు, ఈ లోటు పూడ్చడానికి కూడా.

ఈత కల్లు గురించి ఒక మాట. చాలామంది అడిగేది ఇదే. కల్లు చెట్టు దగ్గరే, తెల్లవారుజామున, గౌడన్న లొట్టి దించగానే తీసుకోవాలి. దుకాణాల్లో అమ్మే కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్ లాంటి మత్తు మందులు కలిపి జనం ఆస్పత్రుల పాలైన సంగతి తెలంగాణలో అందరికీ తెలుసు. ఆ కల్లును సిర్కాకు కూడా వాడొద్దు, పులిస్తే మందులు పోతాయనే భరోసా ఏమీ లేదు. తెచ్చిన కల్లును వెడల్పు మూతి గాజు జాడీలో మూడింట రెండు వంతులే పోసి, గుడ్డ కట్టి, నురగ తగ్గాక నాలుగో వంతు పాత సిర్కా కలుపుతాను. మొదటి నుంచే పులుపు ఉంటే చెడు సూక్ష్మజీవులు తలెత్తవు. మధ్యలో కొంతకాలం గోళ్ల రంగు తుడిచే ద్రవం లాంటి వాసన వస్తుంది. అది ఈథైల్ ఎసిటేట్. జాడీ పారబోయకండి, ఆల్కహాల్ తగ్గేకొద్దీ ఆ వాసన కూడా తగ్గుతుంది.

డిసెంబర్ చివర: చెంచాతో

పొద్దున పదీ పదకొండు మధ్య, తిండికి ముందు చూస్తాను. చల్లగా ఉంటే వాసన లేవదు కాబట్టి సీసాలను ముందే ఎండ పడే కిటికీ దగ్గర పెట్టి గది చలి విడిచేదాకా ఉంచుతాను. ఒక చెంచా సిర్కాకు పది చెంచాల నీళ్లు. మధ్యలో నోరు కడుక్కుని ఒక పిడికెడు మరమరాలు తింటాను.

ఈత కల్లుది మెత్తటి పులుపు, వెనక కొద్దిగా బెల్లపు వాసన, కానీ నోట్లో ఎక్కువసేపు నిలవదు. ద్రాక్షది ఘాటు. ముక్కుకు ముందు తగులుతుంది, తర్వాత కిస్మిస్ వాసన. నేరేడుది వగరు, రంగు మాత్రం చూడాలి, సాయంత్రపు వెలుతురులో పెడితే కళ్లు తిప్పుకోలేం.

100 మిల్లీలీటర్ల చొప్పున మూడు కలిపాను. మొదటిది ఈత 60, ద్రాక్ష 30, నేరేడు 10. రెండోది 50, 20, 30. మూడోది 40, 50, 10. పులుపు లెక్క సులువు: ఒక్కోదాని శాతాన్ని దాని వాటాతో గుణించి కూడాలి. వరసగా 5.28, 5.01, 5.46. చెంచాతో చూస్తే రెండోదే నచ్చింది. రంగు బాగుంది, నేరేడు వాసన నిండుగా ఉంది, నోట్లో నిలుస్తోంది.

మా అత్తమ్మ ఒక గుక్క చూసి పక్కన పెట్టింది. "ఒట్టిగ తాగితే ఏం తెలుస్తది బిడ్డా, ఉల్లిగడ్డల పోసి చూడు."

సంక్రాంతి తర్వాత: పళ్లెంలో

ఉల్లిగడ్డ సన్నగా తరిగి, ఉప్పు, పచ్చిమిర్చి వేసి, మూడు గిన్నెల్లో మూడు మిశ్రమాలు పోసి గంటసేపు ఉంచాం. జొన్నరొట్టె, మటన్ కూరతో తిన్నాం. అప్పుడు తేలింది. చెంచాలో గెలిచిన రెండోది ఇక్కడ పూర్తిగా వెనకబడింది. మసాలా కారం మీద నేరేడు వగరు ఎక్కి నోరు పట్టుకుంటోంది. మూడోది మటన్‌కు సరిపోయింది కానీ ఉల్లిగడ్డ తీపిని తొక్కేసింది. మొదటిది అన్నింటితో కలిసిపోయింది, కాకపోతే కాస్త పల్చన, రంగు కూడా చాలదు.

సిర్కాను ఎవరూ ఒట్టిగా తాగరు. నూనె, ఉప్పు, కారం మధ్యలో అది ఏం చేస్తుందన్నదే అసలు పరీక్ష. వగరు చెంచాలో నిండుదనంలా అనిపిస్తుంది, కారం పక్కన చేరితే మాత్రం ఎండబెడుతుంది. తీపి మిగిలిన సిర్కాది దీనికి ఉల్టా. ఇకమీదట చెంచా రుచి చెడు వాసనలు పట్టుకోవడానికే, వాటాలు తేల్చేది అన్నం ముందే.

ఆ తర్వాత నేరేడును కొద్దికొద్దిగా పెంచుతూ చూశాం. 15 దగ్గర రంగు వచ్చింది, వగరు ఇంకా రాలేదు. 20 దగ్గర అత్తమ్మ వెంటనే కనిపెట్టింది. చివరికి ఈత 55, ద్రాక్ష 30, నేరేడు 15 ఖాయం చేశాం. పులుపు 5.2 శాతం పైన. మూడు లీటర్లకు 1650, 900, 450 మిల్లీలీటర్లు. కలిపిన వెంటనే రుచి విడివిడిగా తెలుస్తుంది కాబట్టి గాజు జాడీలో మెడ దాకా నింపి, చీకట్లో పెట్టాను. ఇత్తడి, రాగి, అల్యూమినియం గిన్నెలు దీని దరిదాపుల్లోకి రాకూడదు.

ఫిబ్రవరి

జాడీ అడుగున సన్నటి ఊదా మడ్డి దిగింది. నేరేడు రంగు కొంత అందులో పోయింది, అయినా ఇటుక రంగు ఎరుపు మిగిలింది. వాసన ఇప్పుడు ఒక్కటిగా ఉంది, ఏది ద్రాక్షో ఏది ఈతో విడదీయడం కష్టం. మళ్లీ కొలిచాను, పులుపు మారలేదు.

సగం అలాగే పచ్చిగా సీసాల్లో పోశాను. మిగతా సగాన్ని స్టీలు గిన్నెలోని నీళ్లలో సీసాలు నిలబెట్టి, లోపల 65 డిగ్రీలకు వేడెక్కేదాకా ఉంచి, వెంటనే బిగించాను. 1860ల్లో లూయీ పాశ్చర్ సిర్కా చెడిపోకుండా వేడిచేసే పద్ధతిని చెప్పాడు. ఇన్నేళ్లయినా ఇంట్లో చెయ్యడానికి అదే సులువు. ఎవరికైనా ఇవ్వాలంటే వేడిచేసినవే ఇస్తాను. పచ్చివాటిలో మళ్లీ మదర్ కడితే చూసినవాళ్లు పాడైందనుకుంటారు.

ఒక సీసా మిరపకాయలకు పోయింది. వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. టమాటాలా గుండ్రంగా, బాగా ఎర్రగా, తక్కువ కారంతో ఉండే కాయ. ఈ నెలలో పండుమిర్చి దొరుకుతుంది. కడిగి, తడి పూర్తిగా ఆరబెట్టి, ఒక్కోదానికి సూదితో గాట్లు పెట్టి, 5 శాతం ఉప్పుతో కలిపి మునిగేలా సిర్కా పోశాను. కాయల్లోని నీరు పులుపును తగ్గిస్తుంది కాబట్టి దీనికి మాత్రం ద్రాక్ష సిర్కా కొంచెం ఎక్కువ కలిపి ఉంచాను.

ద్రాక్ష జాడీ ఖాళీ అవుతోంది. అడుగున పావు వంతు వదిలి మదర్‌ను తిరిగి అందులోనే వేశాను. శివరాత్రి దాటాక నల్ల ద్రాక్ష ధర దిగుతుంది. ఈసారి గింజ ఉన్న రకమే తెస్తాను, పోయినసారి దానికే కిస్మిస్ వాసన వచ్చింది. నేరేడు జాడీ మాత్రం కడిగి ఎండబెట్టి జూన్ దాకా ఉంచాలి. అప్పుడు లీటరుకు ఇంకో 17 గ్రాముల చక్కెరకు సరిపడా బెల్లం ఎక్కువ వేస్తాను. అది ఆల్కహాల్‌ను దాదాపు 1 శాతం పెంచుతుంది, సిర్కా అయ్యాక పులుపు కూడా సుమారు అంతే పెరిగి 5 దాటుతుంది.